ఎన్‌హెచ్‌ఎస్ డెంటిస్టు దొరకకపోవడానికి మూలం చెల్లింపుల లెక్కలో ఉంది

తర్వాత చదివేవారి కోసం మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. మీరు ఇంగ్లండ్‌లోని నార్విచ్‌లో స్థిరపడ్డారు. ఫోన్ చేసిన ప్రతి దంత క్లినిక్ ‘కొత్త ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) పేషంట్లను తీసుకోవడం లేదు’ అంటోంది. ప్రైవేటుగా అయితే అదే క్లినిక్ ఈ వారంలోనే రమ్మంటోంది. వీసాతో పాటు హెల్త్ సర్‌ఛార్జ్ (ఎన్‌హెచ్‌ఎస్ వాడుకునేందుకు వలసదారులు కట్టే రుసుము) కట్టారు. మీ భార్యకు ఆరో నెల, పైగా పన్ను నొప్పి. ఇది డెంటిస్టుల డబ్బాశ కాదా, ప్రభుత్వం వాళ్ల చెల్లింపులు పెంచితే పరిస్థితి మారుతుందా అని అడిగారు.

ముందు మీ శ్రీమతి సంగతి. ఈ రోజే ఎన్‌హెచ్‌ఎస్ సలహా నంబరు 111కు ఫోన్ చేయండి. గర్భిణి అనీ, నొప్పి ఎన్నాళ్లుగా ఉందో, నిద్ర పడుతోందో లేదో స్పష్టంగా చెప్పండి. వాళ్లు అత్యవసర దంత చికిత్స ఇచ్చే చోటికి పంపుతారు. దానికి మీరు ఏ క్లినిక్‌లోనూ పాత పేషంటై ఉండనక్కరలేదు. ముఖం వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడం గానీ మింగడం గానీ కష్టమైనా నేరుగా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. ఈ నెలల్లో ఐబుప్రోఫెన్ తానుగా వేసుకోకూడదు. పారాసెటమాల్ సరిపోతుందేమో మిడ్‌వైఫ్‌ను (కాన్పు దాకా చూసుకునే ప్రసూతి నర్సును) అడగండి. గర్భంతో ఉన్నప్పుడు పంటికి వైద్యం చేయించకూడదని మన ఇళ్లలో పెద్దవాళ్లు భయపెడతారు. అది నిజం కాదు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చేసే మామూలు చికిత్సకు ఈ మధ్య నెలలే అనువైనవి. చీము పట్టిన పన్నును కాన్పు దాకా వదిలేయడమే ప్రమాదం.

మెటర్నిటీ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ కోసం మిడ్‌వైఫ్‌ను వెంటనే అడగండి. అది ఉంటే ఇప్పటి నుంచి కాన్పయ్యాక 12 నెలల వరకు ఎన్‌హెచ్‌ఎస్ దంత చికిత్స పూర్తిగా ఉచితం. సర్టిఫికెట్ చేతికి రాకముందే ఫారంలో ఉచితమని టిక్ పెడితే తర్వాత జరిమానా నోటీసు రావచ్చు. జాగ్రత్త.

ఇక అసలు విషయం. నేను హైదరాబాద్‌లో బీడీఎస్ చదివి, విదేశాల్లో చదివిన డెంటిస్టులు ఇక్కడ రాయాల్సిన ఓఆర్‌ఈ పరీక్షలు రాసి, ముందు వేరొకరి క్లినిక్‌లో పనిచేసే అసోసియేట్‌గానూ తర్వాత ఒక క్లినిక్‌లో భాగస్వామిగానూ ఎన్‌హెచ్‌ఎస్ పని చేస్తున్నాను. కాబట్టి కౌంటర్‌కు అటువైపు నుంచి చూస్తే ఈ లెక్క ఎలా ఉంటుందో చెప్పగలను.

2024 ఫిబ్రవరి నుంచి పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు ఉన్న హెల్త్ సర్‌ఛార్జ్ మీకు స్థానికులతో సమానమైన హక్కు ఇస్తుంది. కానీ ఆ హక్కు మిమ్మల్ని చేర్చుకోవాలని ఏ డెంటిస్టునూ కట్టడి చేయదు. జీపీ (కుటుంబ వైద్యుడు) దగ్గర పేరు నమోదు చేసుకున్నట్టుగా డెంటిస్టు దగ్గర నమోదు అన్నది 2006 తర్వాత చట్టరీత్యా లేదు. చికిత్స ఒక విడత ముగిసిందంటే క్లినిక్‌కు మీపై బాధ్యత కూడా ముగిసినట్టే. అలాగే ఇంటి చిరునామాను బట్టి ఫలానా క్లినిక్‌కే వెళ్లాలన్న హద్దు కూడా లేదు. కాబట్టి నార్విచ్ దాటి కూడా వెతకండి.

క్లినిక్ ప్రభుత్వ సంస్థ కాదు. అది సొంత వ్యాపారం. ఏడాదికి ఇంత పని చేసి పెడతామని ఎన్‌హెచ్‌ఎస్‌తో ఒప్పందం చేసుకుంటుంది. ఆ పనిని కొలిచే కొలమానమే యూడీఏ, అంటే దంత చికిత్స యూనిట్. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2006 ఏప్రిల్‌లో దీన్ని తెచ్చారు. పరీక్ష, ఎక్స్‌రే, సలహా కలిపి మొదటి బ్యాండ్‌కు 1 యూనిట్. ఫిల్లింగులు, పన్ను తీయడం, రూట్ కెనాల్ ఉన్న రెండో బ్యాండ్‌కు 3 యూనిట్లు. క్రౌన్, బ్రిడ్జి, కట్టుడు పళ్లున్న మూడో బ్యాండ్‌కు 12. అత్యవసర చికిత్సకు అప్పట్లో 1.2.

ఈ పట్టికను ఒకసారి నిదానంగా చూడండి. ఒక ఫిల్లింగుకు 3 యూనిట్లు. ఆరు ఫిల్లింగులకూ 3 యూనిట్లే. ఆరు ఫిల్లింగులు, రెండు పళ్లు తీయడం, ఒక దవడ పంటికి రూట్ కెనాల్, ఇవన్నీ ఒకే విడతలో చేస్తే దానికీ 3 యూనిట్లే. 16 ఏళ్లకు పైగా ఇదే నియమం నడిచింది. 2022 నవంబరులో కొంత సవరించారు. మూడు, అంతకంటే ఎక్కువ పళ్లకు ఫిల్లింగులు చేసినా, పళ్లు తీసినా 5 యూనిట్లు. దవడ పంటి రూట్ కెనాల్ ఉంటే 7. దాంతో లోటు కాస్త తగ్గిందే గానీ పోలేదు.

పైన చెప్పిన ఆరు ఫిల్లింగుల నోటినే తీసుకుందాం. ఆ సవరించిన లెక్కలో 7 యూనిట్లు వస్తాయి. 2024 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లో ఒక్కో యూనిట్‌కు నిర్ణయించిన కనీస విలువ 28 పౌండ్లు. ఆ లెక్కన మొత్తం 196 పౌండ్లు. ఆ పని సరిగ్గా చేయాలంటే నాకు నాలుగు నుంచి ఐదు గంటలు పడుతుంది. గంటకు 40 పౌండ్లు అనుకోండి. అందులోంచే పక్కన నిలబడ్డ నర్సు జీతం, రిసెప్షన్ జీతం, అద్దె, పరికరాలు శుద్ధి చేసే ఖర్చు, రూట్ కెనాల్ ఫైళ్లు, ఫిల్లింగ్ సామగ్రి, బీమా పోవాలి. మిగిలినదే డెంటిస్టుది. 2025 ఏప్రిల్‌లో ఇక్కడి కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు అయింది. ఉద్యోగి జీతం మీద యజమాని కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ (సామాజిక భద్రతా చందా) 15 శాతానికి పెరిగింది. ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్న నోటిని చూడండి. పావుగంటలో పరీక్ష పూర్తవుతుంది, 1 యూనిట్. గంటకు నలుగురిని చూస్తే 112 పౌండ్లు.

అంటే వ్యాధి లేని నోటికి మంచి ప్రతిఫలం, వ్యాధితో నిండిన నోటికి నష్టం. ఆరేళ్లుగా డెంటిస్టు మొహం చూడని మనిషి ఫోన్ చేస్తే రిసెప్షనిస్టుకు ఇది తెలుసు, యజమానికి తెలుసు. ఏళ్ల తరబడి ఎక్కడా చోటు దొరక్క తిరుగుతున్న కొత్త పేషంటు నోట్లో పని ఎక్కువ ఉంటుందన్నది అందరూ చేసే అంచనా. మీకు తలుపులు మూసుకుపోవడానికి పెద్ద కారణం ఇదే. ఎవరికి వైద్యం ఎక్కువ అవసరమో వాళ్లను తప్పించుకుంటేనే నిలబడగలిగే పద్ధతిలో చెల్లిస్తూ, ఎందుకు తప్పించుకుంటున్నారని అడగడం న్యాయం కాదు.

ఇంకొక అన్యాయం చాలామందికి తెలియదు. యూనిట్ విలువ దేశమంతా ఒకటి కాదు. 2006లో ఒప్పందాలు రాసినప్పుడు ప్రతి క్లినిక్ 2004-05లో ఎంత సంపాదించిందో, ఎంత పని చేసిందో లెక్కగట్టి, దాన్ని బట్టి యూనిట్ ధర ఖాయం చేశారు. ఆ ఏడాది ఒక క్లినిక్ ఎందుకు ఎక్కువ ఆర్జించింది, ఇంకొకటి ఎందుకు తక్కువ ఆర్జించిందన్నది ఎవరూ చూడలేదు. 20 ఏళ్ల కిందటి ఆ తేడాలే నేటికీ కొనసాగుతున్నాయి. ఒకే వీధిలో రెండు క్లినిక్‌లు ఒకే పనికి వేర్వేరు ధర అందుకోవచ్చు. ఎక్కువ అవసరం ఉన్న ఊళ్లకు ఎక్కువ ధర ఇవ్వాలన్న ఆలోచన ఆ లెక్కలో ఎక్కడా లేదు.

రోగి కట్టే రుసుము సంగతీ చెప్పాలి. అది క్లినిక్‌కు అదనంగా వచ్చే డబ్బు కాదు. ప్రభుత్వం ఇవ్వాల్సిన దాంట్లో దాన్ని మినహాయిస్తారు. 2022 చివర్లో యూనిట్ కనీస విలువను 23 పౌండ్లుగా నిర్ణయించినప్పుడు మొదటి బ్యాండ్‌కు రోగి కట్టేది 23.80 పౌండ్లు. మూడో బ్యాండ్‌కు క్లినిక్‌కు వచ్చేది 12 యూనిట్లకు 276 పౌండ్లయితే, రోగి చెల్లించేది 282.80. అంటే ఆ కనీస విలువ మీద నడిచే క్లినిక్‌లో, మినహాయింపు లేని రోగి తన చికిత్సకు తానే పూర్తిగా కట్టి, పైన కొంత ఖజానాకు ఇచ్చాడు. ఇది ప్రభుత్వ ఖర్చుతో జరిగే వైద్యమని మనం అనుకుంటున్నాం. 2025 ఏప్రిల్ నుంచి ఆ రుసుములు 27.40, 75.30, 326.70 పౌండ్లు అయ్యాయి.

కట్టుడు పళ్ల దగ్గరైతే ల్యాబ్ బిల్లు కూడా డెంటిస్టే కట్టుకోవాలి. ఒక డెంచర్ కేసుకు సగటు క్లినిక్ 42.60 పౌండ్లు నష్టపోతోందని బ్రిటిష్ డెంటల్ అసోసియేషన్ పార్లమెంటు కమిటీకి లెక్క చూపింది. అది వృత్తిసంఘం లెక్క కాబట్టి కొంత తగ్గించుకుని చూసినా సరే, పళ్లన్నీ ఊడిన పెద్దాయనకు పళ్ల సెట్టు కట్టినందుకు లాభం లేకపోగా చేతి డబ్బు పడే వ్యవస్థ ఎన్నాళ్లు నడుస్తుంది?

పని చేస్తే ఇలా, చేయకపోతే మరోలా. ఏడాదికి ఒప్పుకున్న యూనిట్లలో 96 శాతానికి తగ్గితే చేయని పని తాలూకు డబ్బు వెనక్కి ఇవ్వాలి. క్లాబ్యాక్ అంటారు. డెంటిస్టు దొరకక కుర్చీ ఖాళీగా ఉన్నా, పని ఎక్కువున్న రోగులు రావడంతో యూనిట్లు తగ్గినా ఇదే గతి. ఈ కారణంగా ఇటీవలి సంవత్సరాల్లో దంత వైద్యానికి కేటాయించిన డబ్బులో ఏటా వందల మిలియన్ల పౌండ్లు ఖర్చు కాకుండా మిగిలిపోయాయి. వైద్యం దొరకక ఒకవైపు జనం అల్లాడుతుంటే మరోవైపు అదే వైద్యం కోసం పెట్టిన డబ్బు మిగిలిపోవడం! నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. పోనీ ఉన్నదంతా ఖర్చు చేసినా, ఆ బడ్జెట్ ఇంగ్లండ్ జనాభాలో దాదాపు సగం మందికే సరిపోతుందన్నది ఈ రంగంలో అందరూ ఒప్పుకునే మాట.

ఇదేమీ కొత్త కథ కాదు. 1948లో ఎన్‌హెచ్‌ఎస్ మొదలైనప్పుడు దంత చికిత్స ఉచితం. 1951లో కట్టుడు పళ్లకు, కళ్లద్దాలకు రుసుము పెట్టాలని నిర్ణయించగానే, ఎన్‌హెచ్‌ఎస్‌ను నిలబెట్టిన మంత్రి అనైరిన్ బెవాన్ పదవికి రాజీనామా చేశాడు. 1992లో డెంటిస్టుల రుసుముల్లో ప్రభుత్వం 7 శాతం కోత పెట్టింది. ప్రైవేటు వైపు పెద్ద ఎత్తున వలస అక్కడే మొదలైంది. 1999లో ప్రధాని టోనీ బ్లెయిర్ రెండేళ్లలో అందరికీ ఎన్‌హెచ్‌ఎస్ డెంటిస్టు అందుబాటులోకి వస్తాడని మాటిచ్చాడు. 2004లో ఇంగ్లండ్ పట్టణం స్కార్‌బరోలో కొత్త డెంటిస్టు వచ్చాడని తెలిసి జనం వీధి పొడవునా క్యూ కట్టారు. 2024 ఫిబ్రవరిలో బ్రిస్టల్‌లోని సెయింట్ పాల్స్‌లో అదే దృశ్యం. క్యూను అదుపు చేయడానికి పోలీసులు రావలసి వచ్చింది. 2024 మార్చితో ముగిసిన రెండేళ్లలో ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ డెంటిస్టును చూడగలిగిన పెద్దలు 40 శాతం. కోవిడ్‌కు ముందు ఇది 49.

మరి డబ్బు పెంచితే మారదా అన్నది మీ రెండో ప్రశ్న. పెంచి చూశారు. 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన పునరుద్ధరణ ప్రణాళికలో రెండేళ్లుగా డెంటిస్టును చూడని కొత్త పేషంటును తీసుకుంటే చికిత్సను బట్టి 15 లేదా 50 పౌండ్లు అదనంగా ఇస్తామన్నారు. 15 లక్షల చికిత్సలు పెరగాలన్నది లక్ష్యం. ఆ దారిలో లేరని జాతీయ ఆడిట్ కార్యాలయం అదే ఏడాది నవంబరులో తేల్చింది. కనీసం 88 మిలియన్ పౌండ్లు ఖర్చయ్యాక కొత్త పేషంట్ల సంఖ్య పెరగకపోగా 3 శాతం తగ్గిందని పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీ 2025లో చెప్పింది. ఈలోపు ఆ పథకం ఆపేశారు.

డెంటిస్టులకు డబ్బుతో పనిలేదని దీని అర్థం కాదు. నాలుగైదు గంటల నష్టాన్ని 50 పౌండ్లు పూడ్చలేవు. యూనిట్ కొలమానాన్ని అలాగే ఉంచి దాని మీద ఎంత పోసినా చిల్లు కుండలో నీళ్లే. న్యాయమైన ప్రతిఫలం అంటే నా దృష్టిలో, పట్టిన సమయానికీ రోగి అవసరానికీ తగ్గట్టు ఇవ్వడం. మొత్తం పెంచడం ఆ తర్వాతి మాట. అవసరమే, కానీ తర్వాతిదే.

అలాగని పాత పద్ధతికి వెళ్లిపోదామని కూడా నేను అనను. 2006కు ముందు ఒక్కో పనికి ఒక్కో రుసుము ఉండేది. ఎంత డ్రిల్లు చేస్తే అంత డబ్బు. అవసరం లేని చికిత్సలు జరుగుతున్నాయని 1986లోనే ప్రభుత్వం వేసిన కమిటీ నివేదిక ఇచ్చింది. చేర్చుకున్న ఒక్కో రోగికి, తలకు ఇంతని ఇచ్చే పద్ధతిని 2011 నుంచి కొన్ని క్లినిక్‌లలో ప్రయోగాత్మకంగా నడిపారు. అక్కడ నివారణకు సమయం దొరికింది, డాక్టర్లకు తృప్తి దొరికింది. కానీ చూసే రోగుల సంఖ్య, రుసుముల రాబడి తగ్గుతాయన్న చిక్కు వచ్చింది. 2022 మార్చి చివరికి వాటిని మూసేసి ఆ క్లినిక్‌లను మళ్లీ యూనిట్ల లెక్కకే పంపారు. పనికి ఇస్తే అతి వైద్యం, తలకు ఇస్తే అలసత్వం, యూనిట్‌కు ఇస్తే తప్పించుకోవడం. ప్రతి పద్ధతికీ దాని ప్రలోభం ఉంది కాబట్టే 2009లో న్యూకాజిల్ ప్రొఫెసర్ జిమ్మీ స్టీల్ నేతృత్వంలోని సమీక్ష వీటిని కలిపి వాడమంది. అది ఇప్పటికీ సరైన సలహానే.

నన్ను అడిగితే ఇలా చేయమంటాను. ఆరోగ్యంగా ఉన్నవారి నిరంతర సంరక్షణకు తలకు ఇంతని ఇవ్వాలి. పిప్పి పళ్లు, చిగుళ్ల జబ్బు ఎక్కువగా ఉన్నవారికి మొత్తం చికిత్సకు సమయాన్ని లెక్కగట్టిన ప్యాకేజీ ఇవ్వాలి. అత్యవసర నొప్పి రోగులకు మాత్రం పూటకు ఇంతని చెల్లించాలి. ఆ పూట ఐదుగురు వచ్చినా తొమ్మిది మంది వచ్చినా డాక్టరు ఆదాయం మారకూడదు. అప్పుడే తొందరపడకుండా పన్ను నిలబెట్టే ప్రయత్నం చేస్తాడు, లేకపోతే తీసి పంపేస్తాడు. 2025 వేసవిలో ప్రభుత్వం చర్చకు పెట్టిన ప్రతిపాదనల్లో అత్యవసర చికిత్సకు పెంచిన చెల్లింపు, క్లిష్టమైన కేసులకు ప్యాకేజీ రెండూ ఉన్నాయి. దిశ సరైనదే. అయితే ప్యాకేజీ మొత్తం నిజమైన గంటలకు సరిపోకపోతే పేరు మారిన యూనిట్‌గానే మిగులుతుంది. 2023 నవంబరులో స్కాట్లండ్ తన రుసుముల పట్టికను 700 పైచిలుకు అంశాల నుంచి 45కు తగ్గించి, ధరలు సవరించింది. కాగితం పని తగ్గింది. డంఫ్రీస్ అండ్ గాలోవే వంటి మారుమూల ప్రాంతాల్లో డెంటిస్టు దొరకని బాధ మాత్రం ఆ ఒక్క మార్పుతో తీరలేదు. మారుమూలకు వెళ్లేవారికి వేరే లెక్క కావాలి.

చెల్లింపు పెంపు చివరికి ఎవరి చేతికి చేరుతోందన్నది కూడా అడగాలి. యూనిట్ విలువ 23 నుంచి 28 అయితే ఆ ఐదు పౌండ్లు ఒప్పందం ఉన్న యజమానికి వెళ్తాయి. కుర్చీ పక్కన పనిచేసే అసోసియేట్‌కు దక్కేది వాళ్లిద్దరి మధ్య ప్రైవేటు ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. అది చాలాచోట్ల యూనిట్ విలువలో సగం లోపే. మన తెలుగు డెంటిస్టులు ఎక్కువమంది ఉన్నది ఈ అసోసియేట్ వరుసలోనే. వార్షిక పెంపు కూడా ఏప్రిల్‌లో రావలసింది నెలల తరబడి ఆలస్యంగా వస్తుంటుంది. సూపర్‌మార్కెట్‌లో అంతే జీతం వస్తుంటే నర్సులు ఎందుకు ఉండాలి? నర్సు లేకపోతే నేను ఒక్క పన్నుకు కూడా వైద్యం చేయలేను. ప్రతి పెంపులో ఇంత వాటా అసోసియేట్‌కు, నర్సుకు చేరాలన్న షరతు ఒప్పందంలోనే రాయాలి.

భారతదేశం నుంచి డెంటిస్టులను తెచ్చుకుంటే సరిపోదా అని కొందరు మిత్రులు అంటారు. ఓఆర్‌ఈ సీట్ల కోసం ఎదురుచూస్తూ, ఇక్కడ రిసెప్షన్‌లలో, కేర్ హోమ్‌లలో పనిచేస్తున్న మన పిల్లలు ఎంతమందో. ఆ పరీక్షల సామర్థ్యం పెంచాల్సిందే. కానీ వాళ్లు వచ్చి కూర్చునేది ఇదే యూనిట్ల కుర్చీలో. అనుభవం రాగానే వాళ్లూ ప్రైవేటుకు మారతారు. ఇక్కడ చదివిన దంత వైద్యులు కనీసం మూడేళ్లు ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేయాలన్న నిబంధన తెస్తామని ప్రభుత్వం 2025 పదేళ్ల ప్రణాళికలో రాసింది. మన రాష్ట్రాల్లో వైద్య విద్యార్థులతో బాండ్లు రాయించుకోవడం మనకు తెలిసినదే. బాండు మనిషిని గడువు దాకా ఆపుతుంది. ఆ తర్వాత కూడా ఉండాలంటే ఆ పని గౌరవంగా బతకనివ్వాలి.

కాబట్టి డబ్బాశా అంటే, దాన్ని సాకుగా వాడుకునేవారు లేరని చెప్పను. కానీ నేను చూసిన ఎక్కువమంది ఉదయం ఎన్‌హెచ్‌ఎస్ రోగులకు పడే నష్టాన్ని సాయంత్రం ప్రైవేటు రోగుల డబ్బుతో పూడ్చుకుంటూ నెట్టుకొస్తున్నవాళ్లు. మీకు ఈ వారంలోనే రమ్మన్న ఆ ప్రైవేటు అపాయింట్‌మెంటే చాలాచోట్ల మిగతా ఎన్‌హెచ్‌ఎస్ కుర్చీని నిలబెడుతోంది.

సెలవుల్లో హైదరాబాద్‌కో విజయవాడకో వెళ్లి అన్నీ ఒకేసారి చేయించుకుందామన్న ఆలోచన మీకూ వచ్చి ఉంటుంది. ఫిల్లింగులు, రూట్ కెనాల్ వరకు పర్వాలేదు, ఎక్స్‌రేలు, రికార్డులు తెచ్చుకోండి. రెండు వారాల సెలవులో ఇంప్లాంట్లు మాత్రం పెట్టించుకోకండి. తర్వాత తేడా వస్తే ఇక్కడ ఎన్‌హెచ్‌ఎస్‌లో దాన్ని చూసేవారు దొరకడం చాలా కష్టం.

చివరగా ఒక పని చేయండి. పౌరసత్వం లేకపోయినా మీ ప్రాంత ఎంపీకి మీరు రాయవచ్చు. 2023 ఏప్రిల్ నుంచి దంత వైద్యం కొనే బాధ్యత స్థానిక ఇంటిగ్రేటెడ్ కేర్ బోర్డుది (ఆ ప్రాంత ఎన్‌హెచ్‌ఎస్ సేవలను ఏర్పాటు చేసే సంస్థ). దానికీ రాయండి. ‘డెంటిస్టులు కావాలి’ అని మాత్రమే రాస్తే మర్యాదపూర్వకమైన జవాబు ఒకటి వస్తుంది, అంతే. ఇలా అడగండి: గత ఏడాది నార్విచ్ ఉన్న నార్ఫోక్ కౌంటీలో ఎన్ని యూనిట్లు కొన్నారు? వాటిలో ఎన్ని పూర్తయ్యాయి? వెనక్కి తీసుకున్న డబ్బు ఎంత? అది తిరిగి దంత వైద్యానికే ఖర్చయిందా, మరో ఖాతాకు మళ్లిందా? అత్యవసర రోగులకు పూట లెక్కన చెల్లించే క్లినిక్‌లు జిల్లాలో ఎన్ని ఉన్నాయి? లిఖితపూర్వకంగా అడిగితే బోర్డు జవాబు చెప్పక తప్పదు. వచ్చిన జవాబును ఇక్కడ పెట్టండి, లెక్కలు చదివి చెప్పడానికి నేను సిద్ధంగా ఉంటాను.